ఖాళీగా పంపని డబ్బా

భద్రాచలం
జనవరి ఆఖరు వారం

భీమక్కా,

గుడ్లు అందాయి. అడుగున ఉన్నవి చితికిపోయి గంపలో ఊకంతా ముద్దయింది. కోటేష్‌ను అడిగితే "నేనేం జేసేది ద్వాలక్కా, పినపాక దాటినంక రోడ్డే గట్ల ఉంది" అన్నాడు. అతని ట్రాలీ బండి ఊగుడు నాకు తెలుసు కాబట్టి ఇంకేమీ అనలేదు.

అందుకే ఈసారి అదే బండిలో అట్ట ట్రేలు పంపుతున్నాను. కూరలకు నేను కొనే ఫారం గుడ్లు వీటిలోనే వస్తాయి. మా వంటింటి వెనక గుట్టగా పడి ఉన్నాయి. గట్టివి గుడ్లు సర్దడానికి వాడు. చినిగినవి పారేయకు, కోళ్ళు పొదిగే గంపల్లో అడుగున పరుచు, మెత్తగా ఉంటుంది. ఈ ఉపాయం మా ఆయన మంగీలాల్ చెప్పాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన చెప్పిన పనికొచ్చే మాట ఇదొక్కటే.

నీ నాటు గుడ్లన్నీ ఏం చేస్తున్నానని అడిగావు. పుట్టినరోజులకు, రిటైర్మెంట్ విందులకు, ఆఫీసర్ల క్లబ్బులో జరిగే పార్టీలకు డెవిల్డ్ ఎగ్స్ అని ఒక వంటకం చేస్తాను. ఖమ్మంలో హోటల్ వంటింట్లో పని చేసినప్పుడు నేర్చుకున్నది. గుడ్డు ఉడకబెట్టి నిలువుగా రెండు చెక్కలు చేస్తాం. పచ్చసొన బయటికి తీసి మెత్తగా మెదిపి, మయోనైజ్, ఆవపిండి, నిమ్మరసం, ఉప్పు, మిరియాల పొడి కలిపి, మళ్ళీ అదే గుంటలో ముగ్గు వేసినట్టు నింపుతాం. పైన చిటికెడు ఎర్ర కారం. పళ్ళెంలో దొర్లకుండా అడుగున కాస్త చెక్కుతాం. అంతే. కానీ తాజా గుడ్డు పనికిరాదు, పెంకుతో పాటు తెల్లసొన ఊడి వస్తుంది. వారం నిలవున్నవి పంపు.

నాటు కోడి సొన నారింజ రంగులో ఉంటుంది కదా, పళ్ళెం పెట్టగానే అందరూ దాని మీదే పడతారు. క్లబ్బు సెక్రటరీ భార్య "ఈ రంగు నీకు ఎక్కడ దొరుకుతది ద్వాలీ" అని అడిగింది. రేలగుంపులో అని చెప్పాను. ఆమెకు ఆ ఊరు ఎక్కడుందో తెలియదు. తెలిసినట్టు తల ఊపింది.

మీ కోయ గుంపుకు, ఆ అడవి పల్లెకు, ఫోన్ సిగ్నల్ వచ్చేదాకా మనకు కోటేష్ బండీ, ఈ కాగితాలే గతి. చిన్నప్పుడు మనం హాస్టల్లో వార్డెన్ కంట పడకుండా చీటీలు పంపుకున్నట్టే ఉంది.

ద్వాలి

రేలగుంపు, పినపాక మండలం
ఫిబ్రవరి

ద్వాలీ,

ట్రేలు బాగున్నాయి. వీటిలో అయితే ఒక్క గుడ్డు కూడా పగలదని కోటేష్ అన్నాడు. చినిగినవి నా కోళ్ళ గంపల్లో పరిచాను. పక్కింటి ఆదెమ్మ చూసి తనకూ కావాలంది. ఆమె వెనక మిగతా వాళ్ళూ వచ్చారు. ఇప్పుడు మా గుంపులో పొదిగే ప్రతి పెట్టా నీ అట్టల మీదే కూర్చుంది.

మా అమ్మ ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగి ఇచ్చేది కాదు. ఏమీ లేకపోతే పిడికెడు మొక్కజొన్నలు వేసి ఇచ్చేది. ట్రే కూడా అలాంటిదే అనుకుని అన్ని గుంటల్లోనూ గుడ్లు పెట్టి పంపుతున్నాను. ఊరంతా తిరిగి పోగు చేశాను. నీకు తెలుసుగా, ఇక్కడ గుడ్డు తినడం తక్కువ. పొదగేయడానికో, వేల్పు దగ్గర పెట్టడానికో దాస్తారు. నేను అడిగితే ఇస్తున్నారు.

నా బిడ్డ భవాని ఆశ్రమ పాఠశాల నుంచి సెలవుకు వస్తే నీ వంటకం చేసి చూశాను. మయోనైజ్ లేదు, గట్టి పెరుగు కలిపాను. భవాని తింది. ఆదెమ్మ పక్కన కూర్చుని చూసి, "కడుపుల ఉన్నది తీసి మళ్ళ కడుపులనే పెట్టుడేందే, గింత పనికి నీ దోస్తుకు జీతం ఇస్తరా" అంది. తను కూడా ఒకటి తింది.

ఒక సంగతి. వానలకు ముందు మా విత్తనాల పండుగ గురించి హాస్టల్లో చెప్పేదాన్ని. ప్రతి ఇంటి నుంచి ఆకు డొప్పలో విత్తనం తెస్తారు. పెద్దాయన జంపయ్య అన్నీ కలిపి భూమితల్లి ముందు పెట్టి, తిరిగి ఇంటింటికీ పంచుతాడు. ఆ కలిసిన విత్తనం పడకుండా ఎవరూ నాగలి కట్టరు. నా భర్త పోయాక నేను పుట్టినూరికి తిరిగి వచ్చినప్పుడు నా విత్తనం కలపలేదు. అత్తింటికి ఇచ్చిన పిల్ల కదా అన్నారు. పోయిన ఏడు జంపయ్య నా డొప్ప అందుకుని అందరి దాంట్లో పోశాడు. ఈ ఏడు పండుగకు కోయాల్సిన పుంజు కూడా నా ఇంటి నుంచే రావాలని చెప్పాడు. అది ఊళ్ళో పొదిగిన కోడే కావాలి, సంతలో కొన్నది పనికిరాదు. ఎర్ర పుంజును వేరుగా కట్టేసి మేపుతున్నాను.

ఇది ఎవరికీ చెప్పుకునే మాట కాదు. నీకు కాబట్టి రాశాను.

భీమక్క

భద్రాచలం
మార్చి

భీమక్కా,

ఎలా ఉన్నావని అడగకుండా మొదలుపెడుతున్నాను.

నిన్న క్లబ్బులో రిటైర్మెంట్ విందు. నేను మళ్ళీ పంపిన ట్రేల్లో నువ్వు సర్ది పంపిన గుడ్లను పొద్దున నీళ్ళలో వేశాను. నీళ్ళు మరిగేసరికి గోధుమ రంగు తిరిగాయి. వాసన చూస్తే టీ వాసన. చల్లార్చి, పెంకు తీసి, కోశాను. లోపల సొన పాలిపోయి ఉంది. ఇంకొకటి కోశాను. అదీ అంతే. ఆపైన కత్తి పక్కన పెట్టి స్టూలు మీద కూర్చున్నాను.

ఫారం గుడ్లను టీ డికాషన్‌లో ముంచి నాటు గుడ్లని అమ్మడం నేను సంతల్లో చూశాను. పెంకుకు ఎంత రంగు వేసినా సొనకు వేయలేరు. పులుసులో వేస్తే దాగుతుందేమో. నా వంటకంలో సొన తీసి పళ్ళెంలో పెట్టి అందరికీ చూపిస్తాం కదా, ఎక్కడ దాగుతుంది?

సొనలో పసుపు కలిపి గట్టెక్కాను. సెక్రటరీ భార్య "ఇయ్యాల రంగు మారిందేంది" అంది. ఎండలకు కోళ్ళకు గడ్డి దొరకట్లేదని అబద్ధం చెప్పాను. ఇంటికొచ్చాక మంగీలాల్ "నీ దోస్తు గుడ్లతోని చాయ్ గూడ పంపుతున్నదా ఏంది" అన్నాడు. మామూలుగా అయితే నేనూ నవ్వేదాన్ని.

హాస్టల్లో నీ సబ్బు నేను దొంగిలించినప్పుడు నువ్వు నన్ను ఒక్క మాట అనలేదు. మిగిలిన ముక్కను సగం కోసి నా పెట్టె మీద పెట్టి వెళ్ళావు. ఆ పిల్ల ఈ పని చేసిందంటే నమ్మలేకపోతున్నాను. గుడ్లు లేవంటే నేను ఊరుకునేదాన్ని కదా. ఎందుకు చేశావు?

ద్వాలి

రేలగుంపు
మార్చి

ద్వాలీ,

నువ్వు చూసింది నిజమే. మణుగూరులో కొన్న ఫారం గుడ్లు. చిన్నవి ఏరి నేనే రంగు వేశాను. కోళ్ళన్నీ పొదుగు మీద ఉన్నాయి, అందుకని.

ఇక గుడ్లు పంపను. నువ్వు ట్రేలు పంపవద్దు. మా ఊరికి అట్ట ముక్క కూడా పంపవద్దు.

నీ పేరు చెడగొట్టాను. కోటేష్ చేత చింతపండు పంపుతున్నాను. వద్దనకు.

భీమక్క

భద్రాచలం
ఏప్రిల్

భీమక్కా,

చింతపండు తీసుకున్నాను. నీ జవాబు మాత్రం నాకు మింగుడు పడలేదు. ఊరి కోళ్ళన్నీ ఒకేసారి పొదుగు మీద కూర్చుంటాయా? నేను తండాలో పుట్టిన పిల్లనే, కోళ్ళ మధ్యే పెరిగాను.

నిన్న కోటేష్‌ను కూర్చోబెట్టి అన్నం పెట్టి అడిగాను. తినడం అయ్యాక చేతులు కడుక్కుని అప్పుడు చెప్పాడు. "ద్వాలక్కా, రేలగుంపుల ఇప్పుడు పొద్దుగాల కోడి కూస్తలేదు. అన్ని సచ్చినయ్" అన్నాడు. మొదట ఎవరింట్లో అంటే తల దించుకున్నాడు. "భీమక్క ఇంట్లనట. ఆమె ఏదో తెచ్చి ఊర్లకు ఎక్కిచ్చిందని అంటున్నరు. ఆమె బోరింగుకు వస్తే మిగతా ఆడోళ్ళు బిందెలు పక్కకు జరుపుకుంటున్నరు" అన్నాడు.

నేను టీ వాసన గురించి పేజీ నిండా రాసినప్పుడు అక్కడ నీ పరిస్థితి ఇదా? ఒక్క మాట రాయడానికి నీకేమైంది? మన మధ్య గుడ్లు తప్ప ఇంకేమీ లేవనుకున్నావా?

సంతలో కోడిని ఏదైనా కొన్నావా? ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాయి. కావాలంటే కొత్త పిల్లలను కొని పంపుతాను.

ద్వాలి

రేలగుంపు
ఏప్రిల్

ద్వాలీ,

అడిగావు కాబట్టి రాస్తున్నాను.

మొదట నా పొదుగు పెట్ట నోరు తెరుచుకుని గాలి కోసం ఎగపీల్చింది. మరునాటికి మెడ వెనక్కి తిరిగిపోయింది. ఆకుపచ్చగా విరేచనం. ఎండ దెబ్బ అనుకుని ఉల్లిపాయ నీళ్ళు పట్టాను. అది చచ్చింది. పక్క గంపలోదీ చచ్చింది. ఆదెమ్మ పెట్ట గుడ్ల మీద కూర్చున్నది కూర్చున్నట్టే చచ్చింది. ఆదెమ్మ దాన్ని తెచ్చి నా గుమ్మం ముందు పెట్టి వెళ్ళింది. ఏమీ అనలేదు. అన్నా బాగుండేది. ఎర్ర పుంజు కట్టేసిన చోటనే పడిపోయింది.

జంపయ్య ఇంటి ముందు పందిరి కింద కూర్చోబెట్టి అడిగారు. "నీ ఇంట్ల మొదలైంది. ఏం తెచ్చినవ్ బిడ్డా?" అన్నాడు పెద్దాయన. ఆయన గొంతు పెంచడు. సంతలో ఒక పుంజును కొని తెచ్చాను, అది రెండు రోజులకే చచ్చిపోతే పూడ్చిపెట్టాను అని చెప్పాను. దాని నుంచే వచ్చి ఉంటుంది. నీకూ అదే చెబుతున్నాను.

పండుగకు కోయడానికి ఊళ్ళో పొదిగిన కోడి ఒక్కటీ లేదు. అలాంటి ఏడాది జంపయ్యకు కూడా గుర్తులేదట. ఈసారి నా విత్తనం కలపాలా వద్దా అని మళ్ళీ కూర్చుని తేలుస్తారు. కలపకపోతే నా చెలక బీడు పడటం ఒక్కటే కాదు. ఇక నేను ఈ ఊరిదాన్ని కాదని. భవాని కూడా కాదని.

కొత్త పిల్లలను పంపకు. బయటి కోడి ఇప్పుడు ఊరి పొలిమేర దాటితే నన్ను బతకనివ్వరు.

భీమక్క

భద్రాచలం
మే

భీమక్కా,

నువ్వు సంతలో పుంజును కొనలేదు.

కోటేష్‌ను అడిగాను. సంతకు పోతే నువ్వు ఎప్పుడూ అతని బండిలోనే పోతావు. "సంక్రాంతి పోయినంక ఆమె సంతకే రాలేదు" అన్నాడు. ఎందుకు అబద్ధం చెప్పావో తెలియక నాలుగు రోజులు తిరిగాను. తర్వాత పశువుల దవాఖానాకు పోయి నువ్వు రాసిన గుర్తులన్నీ చెప్పాను. అక్కడి కాంపౌండరు వినగానే కొక్కెర తెగులు అన్నాడు. ఎట్ల వస్తుంది అని అడిగాను. "సంత కోళ్ళతోని వస్తది, దాణా సంచులతోని వస్తది, ఫారం ట్రేలతోని వస్తది. ట్రేలు ఒక ఫారం నుంచి ఇంకో ఫారానికి తిరుగుతనే ఉంటయ్ గదా" అన్నాడు. నేను చినిగిన ట్రేలను కోళ్ళ గంపల్లో పరిచాం అని చెబితే, నా ముఖం చూసి, "ఎవరమ్మా మీకు ఈ తెలివి చెప్పింది" అన్నాడు.

నేనే. నా కాగితంలో నేనే రాశాను. మెత్తగా ఉంటుంది అని.

నీకు ఎప్పటి నుంచో తెలుసు. అట్ట ముక్క కూడా పంపవద్దని రాసినప్పుడే తెలుసు. నేను చదివి కోపం తెచ్చుకున్నాను.

ఇంకొక మాట కూడా రాయాలి. విషయం అర్థం కాగానే నాకు మొదట వచ్చిన ఆలోచన, ఇది ఎవరికీ తెలియదు కదా అని. మంగీలాల్ కూడా అదే అన్నాడు. "ఊకో. చెప్తే ఆ ఊరు మన మీదికి వస్తది. క్లబ్బోళ్ళకు తెలిస్తే నీ వంటకు దండం పెడతరు" అన్నాడు. రెండు రోజులు ఊకున్నాను. ఆ రెండు రోజుల్లో ఒక పుట్టినరోజుకు గుడ్లు కోశాను, సొన తీశాను, నింపాను. చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి. తినాలనిపించలేదు.

మళ్ళీ ఎప్పుడు కూర్చుంటున్నారో చెప్పు. వస్తాను.

ద్వాలి

రేలగుంపు
మే

ద్వాలీ,

రావద్దు.

కాంపౌండర్ల దాకా పోయావు కాబట్టి ఇక దాచను. కోళ్ళు చస్తున్నప్పుడు పినపాక నుంచి ఒక పశువైద్య సహాయకుడు వచ్చాడు. నా గంప ఎత్తి, అడుగున అట్ట చూసి, ఇది ఎక్కడిది, రోగం దీంతోనే వచ్చినట్టుంది అన్నాడు. అప్పుడు నా దగ్గర ఎవరూ లేరు. ఆయన వెళ్ళగానే నా ఇంట్లోవి కాల్చేశాను. మిగతా ఇళ్ళ నుంచి, పురుగు పట్టిందని చెప్పి అడిగి తెచ్చి, వాటినీ కాల్చాను. అప్పటికే ఆలస్యమైంది.

ఆ రోజు ఇంట్లో మిగిలినవి గుడ్లు పంపడానికి సర్దుకున్న నీ గట్టి ట్రేలు రెండు. కోళ్ళు లేవు. వాటిని ఖాళీగా పంపితే ఏమైందని నువ్వు అడుగుతావు, అడిగితే చెప్పాలి, చెబితే నువ్వు వస్తావు. అందుకని బస్సులో మణుగూరు పోయి గుడ్లు కొని, రంగు వేసి, గుంటలన్నీ నింపి పంపాను. నువ్వు గుడ్డు కోసి సొన తీసి చూస్తావన్న సంగతే మరిచిపోయాను. నీ వంటకం నా ఇంట్లో వండి కూడా మరిచిపోయాను.

ఎందుకు రావద్దంటున్నానో నీకు తెలుసు. వాగు అవతలి పోడు భూమి దగ్గర మా వాళ్ళకూ తండా వాళ్ళకూ పోయిన ఏడు కర్రల దాకా వచ్చింది. జంపయ్య అడ్డం నిలబడితే ఆగింది. ఇప్పుడు నీ పేరు బయటికి వస్తే మాట కోళ్ళ మీద ఉండదు. "లంబాడోళ్ళు మన కోళ్ళను గూడ బతకనియ్యలే" అని ఒక్కడు అంటే చాలు. నువ్వూ నేనూ హాస్టల్లో ఒక దుప్పటి కప్పుకున్నామని ఎవరూ అడగరు.

నా ఒక్కదాని విత్తనం పోతే పోతుంది. భవాని చదువుకుంటుంది, దానికి చెలకతో పని ఉండకపోవచ్చు.

పండుగకు ముందు మంగళవారం కూర్చుంటున్నారు. నీకు తెలియాలని రాశాను. రమ్మని కాదు.

భీమక్క

భద్రాచలం
జూన్ మొదట్లో

భీమక్కా,

నన్ను చూసి నువ్వు లేచి నిలబడ్డావు. తర్వాత నా వైపు చూడలేదు. కోపమో భయమో నాకు అర్థం కాలేదు. నేను వెళ్ళిపోయాక ఏమైందో తెలియక ఈ కాగితం రాస్తున్నాను.

నువ్వు రావద్దన్నది చదివే వచ్చాను. మంగళవారం అని నువ్వు రాయకుండా ఉండాల్సింది.

పెద్దల ముందుకు చేతులు ఊపుకుంటూ పోవడం నాకు రాదు. ఏం తీసుకుపోవాలో తెలియలేదు. చివరకు నాకు వచ్చిందే చేశాను. ఫారం గుడ్లే, పాలిపోయిన సొనే, పసుపు కలపలేదు. నింపి, కారం చల్లి, స్టీలు డబ్బాలో అరిటాకు పరిచి సర్దాను. బండిలో కోటేష్ "గిది ఏందక్కా, పెండ్లికి పోతున్నమా" అన్నాడు. డబ్బా చల్లగా ఉండాలని తడిగుడ్డ చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను.

నేను మాట్లాడింది నువ్వు విన్నావు. జంపయ్య పెద్దాయన అడిగినవే నాకు తిరిగి తిరిగి వినిపిస్తున్నాయి.

"నీ ట్రేలల్ల రోగం ఉందని నీకు ఎరుకేనా?"

"ఎరుక లేదు."

"ఆమెకు?"

"పరిచినప్పుడు లేదు. తర్వాత ఎరుకైంది."

"మరి మాకు సంత పుంజు అని ఎందుకు చెప్పింది?"

దీనికి ఏం చెప్పాలో నేను ఆలోచించుకుని రాలేదు. "నా కోసం" అన్నాను. వెనక నుంచి ఒక కుర్రాడు "లంబాడోళ్ళ కోసం ఊరి ముందల అబద్ధం ఆడిందా" అన్నాడు. అప్పుడు గాని నేనేం చేశానో నాకు తెలియలేదు. నీ మీద ఒక తప్పు తీసేద్దామని వచ్చి ఇంకో తప్పు పెట్టాను. కోళ్ళ తప్పు కంటే అదే పెద్దదేమో కూడా.

డబ్బా మూత తీసి మధ్యలో పెట్టాను. ఒక్క చెయ్యి కూడా ముందుకు రాలేదు. పెద్దాయన "బండి పోతది, ఎక్కు బిడ్డా" అన్నాడు. బిడ్డా అని మనసుతో అన్నాడో, నన్ను తొందరగా పంపడానికి అన్నాడో తెలియదు. దారంతా అదే ఆలోచించాను.

తిట్టాలనిపిస్తే తిట్టి రాయి. రాయకుండా మాత్రం ఉండకు.

ద్వాలి

రేలగుంపు
జూన్, వానలు పడ్డాక

ద్వాలీ,

నువ్వు వెళ్ళాక చాలాసేపు అరుపులే. నీ మీద, నా మీద, నీ తండా మీద. కర్రల మాట కూడా వచ్చింది. జంపయ్య అందరినీ అరవనిచ్చాడు. గొంతులు అలిసిపోయాక అన్నాడు. "దాచుకునేటోళ్ళు గిట్ల బండెక్కి వచ్చి చెప్పరు. కోళ్ళు సచ్చింది రోగంతోని. దాంట్ల ఎవరి తప్పు లేదు. ఊరి ముందల అబద్ధం ఆడింది. దాంట్ల తప్పుంది." ఆ కుర్రాడు ఇంకేదో అనబోతే, "నీ ఇంట్ల అట్ట పరిచింది ఎవరు, నీ అమ్మ కాదా? అడిగి తెచ్చుకుంది గదా" అన్నాడు. వాడు కూర్చున్నాడు.

విత్తనం సంగతి ఆ రోజు తేల్చలేదు.

నీ డబ్బా అక్కడే ఉండిపోయింది. ఈగలు వాలుతుంటే జంపయ్య మోదుగాకు కప్పాడు. అందరూ లేచి వెళ్తున్నప్పుడు ఆదెమ్మ ఆకు తొలగించి ఒకటి తీసుకుని నోట్లో వేసుకుంది. నా వైపు చూడకుండా "ఉప్పు సరిపోలే" అంది. తన పెట్ట చచ్చినప్పటి నుంచి ఆమె నా దగ్గర అన్న మొదటి మాట అది. మిగిలిన వాటితో డబ్బాను జంపయ్య తన ఇంట్లోకి తీసుకుపోయాడు. తిన్నాడో కుక్కలకు వేశాడో నాకు తెలియదు. అడిగే మాట కాదు.

పండుగ రోజు నన్ను పందిరి బయట నిలబడమన్నారు. నా డొప్ప నా చేతిలోనే ఉంది. జొన్నలు, కందులు. కోడి లేదు కాబట్టి జంపయ్య భూమితల్లి ముందు ఖాళీ ఆకు పరిచి, "ఈ ఏడు నీకు పెట్టనీకి లేదు తల్లీ, ఉన్నది ఉన్నట్టు చెప్తున్న" అన్నాడు. ఆ మాట నాకు తగిలింది. తగలాలనే అన్నాడేమో. తర్వాత ఇంటింటి విత్తనం అందుకున్నాడు. అన్నీ అయ్యాక, లేస్తాడనుకున్నప్పుడు, నా వైపు చెయ్యి చాపాడు. ఇచ్చాను. పోశాడు. కలిపాడు.

తిరిగి పంచినప్పుడు అందరికీ ఆకు డొప్పల్లో ఇచ్చాడు. నాకు లోపలి నుంచి నీ స్టీలు డబ్బా తెచ్చి, అందులో పోసి ఇచ్చాడు. శుభ్రంగా కడిగి ఉంది. మూత మీద నీ పేరు చెక్కి ఉంది కదా, అది అందరికీ కనబడేలా పైకి పెట్టి ఇచ్చాడు. నన్ను ఊళ్ళో కలిపాడో, అబద్ధాన్ని అందరి ముందు నా చేతిలో పెట్టాడో నాకు తెలియలేదు. ఆదెమ్మను అడిగితే "రెండూనేమో. ముందు ఇత్తు, తర్వాత ఆలోచించు" అంది.

విత్తాను. మొన్న రాత్రి వాన బాగా పడింది.

ఇంకొక మాట చెప్పారు. వచ్చే పండుగ దాకా ఊరి గుడ్డు ఒక్కటి కూడా బయటికి పోకూడదు. అసలు గుడ్డే లేనప్పుడు ఆ మాటకు అర్థం ఏముందని భవాని అడిగింది. నీ గురించి అని దానికి చెప్పలేదు. కోటేష్ కూడా ఇక మన మధ్య సరుకు మోయడు, అతనికీ చెప్పారు. ఈ కాగితం బస్సు కండక్టర్‌కు ఇస్తున్నాను. చేరుతుందో లేదో.

నీ మీద కోపం లేదు. వచ్చినందుకు ఉండేది, కానీ ఆ రోజు నువ్వు రాకపోతే నేను ఆ పందిరి కింద ఇంకా ఆ సంత పుంజు గురించే మాట్లాడుతూ ఉండేదాన్ని.

డబ్బా తోమి గూట్లో పెట్టాను. అందులో వేయడానికి ఇప్పుడు నా ఇంట్లో ఏమీ లేదు. ఖాళీగా పంపను. కోళ్ళు మళ్ళీ పెట్టేదాకా అది ఇక్కడే ఉంటుంది.

భీమక్క